నెల్లివలస జూట్‌మిల్లు సమ్మె పరిష్కరించబడిన విధానం

సినిమాల్లో ప్రభుత్వం ఎప్పుడూ ఆలస్యంగా వస్తుందని ఒక ఉన్నతాధికారి మనసు కష్టపెట్టుకున్నాడు. ఆదివారం పూట మనవరాలితో కూర్చుని ఏదో సినిమా చూస్తున్నాడాయన. కొట్టుకోవడాలు, తగలబెట్టుకోవడాలు, ఏడుపులు అన్నీ అయిపోయి హీరో చొక్కా దులుపుకుంటూ ఉండగా తెరమీదకి పోలీసు జీపు వచ్చింది. "తాతా, ఇంతసేపూ మీవాళ్లు ఏం చేస్తున్నారు?" అని అడిగింది ఏడేళ్ల మనవరాలు. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో శాసనసభ ప్రశ్నలకి కూడా ఆయన అంత ఇబ్బంది పడలేదు. మర్నాడు ఆఫీసుకి వెళ్లగానే, ఇకమీదట ప్రభుత్వం వేళకి వెళ్లి తీరాలని ఒక ఉత్తర్వు తయారు చేయించాడు. నిజంగా జరిగే గొడవలకి కాదు, సినిమాల్లో జరిగేవాటికి. మొదటిది అయ్యే పని కాదని ఆయనకి అనుభవం మీద తెలుసు.

"సామాజిక కల్లోలము ఇతివృత్తముగా గల చలనచిత్రముల చిత్రీకరణ సమయమున, సదరు కల్లోలము వాస్తవముగా సంభవించుచున్నట్లే పరిగణించి, సంబంధిత శాఖలు తక్షణము స్పందించవలెను. ప్రభుత్వము స్పందించని దృశ్యమేదియు చిత్రీకరింపరాదు" అన్నది ఆ ఉత్తర్వు. దానికి పద్నాలుగు అనుబంధాలు, ఒక టోల్‌ఫ్రీ నంబరు. అంటే సినిమాలో కరువు వస్తే నిజం బియ్యం లారీ రావాలి. వరద వస్తే నిజం పడవ రావాలి. పత్రికలు మెచ్చుకున్నాయి. కళకీ పాలనకీ మధ్య ఉన్న అగాధం పూడిపోయిందని ఒక సంపాదకుడు రాశాడు.

ఆ పూడికలో మొట్టమొదట పడింది మజ్జి ఎర్నమ్మ.

ఎర్నమ్మకి అరవై దాటాయి. నెల్లివలస జూట్‌మిల్లు సంచుల సెక్షన్లో ఇరవై రెండేళ్లు దబ్బనం పట్టుకుని గోనెసంచుల అంచులు కుట్టింది. కుట్టానని ఆమె అంటుంది, రికార్డులు అనవు. ఆమె పనిలో చేరిన రోజున మేస్త్రీ కొత్త పేరు రాయించడానికి బద్ధకించి, నెల కిందట కామెర్లతో పోయిన లోపింటి సూరమ్మ ఇత్తడి టోకెను ఆమె చేతిలో పెట్టాడు. "ఈ వారానికి దీనిమీద చెయ్యి, పై వారం చూద్దాం" అన్నాడు. ఆ వారం ఇరవై రెండేళ్లు సాగింది. మిల్లు కాగితాల ప్రకారం పోయిన సూరమ్మ పోయాకే శ్రద్ధగా పనిచేసింది. పండగలకి కూడా నాగా పెట్టలేదు. రెండుసార్లు ఉత్తమ కార్మికురాలిగా స్టీలు డబ్బా అందుకుంది. అదే కాగితాల్లో ఎర్నమ్మ అనే మనిషి ఎక్కడా లేదు.

పెద్ద సమ్మె వచ్చినప్పుడు అందరూ జీతం పెంచమన్నారు. ఎర్నమ్మ తన పేరు రాయమంది. అరవై ఒక్క రోజులు ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. లాఠీలు విరిగాయి, రెండు బస్సులు తగలబడ్డాయి, రోడ్లు మూసేశారు. ఆ మూసిన రోడ్డుకి ఇవతల ఎర్నమ్మ మొగుడు అప్పలస్వామి జ్వరంతో మూడు రోజులు కొట్టుకుని, డాక్టరు రాక చనిపోయాడు. చివరికి రాజీ కుదిరింది. టోకెను ఉన్నవాళ్లందరినీ లోపలికి రమ్మన్నారు. సూరమ్మని కూడా రమ్మన్నారు. "నాను సూరమ్మని కాను" అని ఎర్నమ్మ గేటు బయట కూర్చుంది. ఒక్కతే పదిహేడు రోజులు కూర్చుంది. పద్దెనిమిదో రోజున ఆకలికి ఓర్వలేక లేచి, సూరమ్మ టోకెను చూపించి లోపలికి నడిచింది. ఆ నడక ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు.

తరవాత కొన్నాళ్లకే మిల్లు మూతపడింది. అప్పట్నుంచి పంతొమ్మిదేళ్లుగా ఆమె కార్మిక శాఖకి అర్జీలు పెడుతూనే ఉంది. మిల్లులో పనిచేశానని తన పేరు మీద ఒక్క కాగితం ఇస్తే చాలంది. ప్రతి ఏడూ అదే జవాబు. "రికార్డుల ప్రకారము మీరు సదరు మిల్లునందు పనిచేసియుండలేదు. శ్రీమతి లోపింటి సూరమ్మ గారు స్వయముగా హాజరైనచో పరిశీలించబడును."

కిల్లి వినోద్ అనే ముప్పై నాలుగేళ్ల కుర్రాడికి ఈ కథ తెలిసింది. పక్క ఊరివాడే. అంతకుముందు రెండు డాక్యుమెంటరీలు తీసి, వాటిని ఎవరూ చూడకపోవడంతో పూర్తి సినిమా తీయడానికి ధైర్యం తెచ్చుకున్నవాడు. అంత గందరగోళం అయ్యాక ఒక్క ఆడమనిషి తన పేరు కోసం గేటు ముందు పదిహేడు రోజులు ఒంటరిగా కూర్చోవడం, అదే తన సినిమా అన్నాడు. ఎర్నమ్మ విని ఒప్పుకుంది.

"ఏటైనా తియ్యి గానీ నా పేరు మార్సకు బావూ. అదొక్కటే" అంది.

"మార్చనత్తా. సినిమాలో కూడా నువ్వు మజ్జి ఎర్నమ్మవే" అన్నాడు వినోద్.

షూటింగు ఆ మిల్లు గేటు దగ్గరే పెట్టారు. లోపల ఇప్పుడు సిమెంటు గోడౌను ఉంది, గేటు మాత్రం పాతదే. సమ్మె చేసే జనంగా అప్పటి కార్మికులే వచ్చారు. అందరూ ముసలివాళ్లయ్యారు, కానీ నినాదాలు ఒక్కటీ మరిచిపోలేదు. ఎర్నమ్మ వేషం వేసే తన్మయి అనే అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. దబ్బనం పట్టుకోవడం ఎర్నమ్మే ఆమెకి నేర్పింది. "పెన్ను పట్టుకున్నట్టు కాదమ్మా, అరిసేత్తో తొయ్యాల. ఏలుతో తోస్తే ఏలే పోతాది" అని తన అరచేతిలో కాయ కాసిన చోటు చూపించింది. తన్మయి దాన్ని ఫోటో తీసుకుంది.

మొదటిరోజు ఉదయం తొమ్మిదింటికి మొదటి షాట్. కెమెరా తిరిగింది. "మిల్లు కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి" అని నలభైమంది ముసలివాళ్లు గొంతు చించుకున్నారు. తొమ్మిదీ పదికల్లా జీపు వచ్చింది. అందులోంచి సహాయ కార్మిక కమిషనరు పసుమర్తి సదాశివమూర్తిగారు దిగారు. వెనకే అటెండరు ఒక మడత బల్ల, దానిమీదకి ఆకుపచ్చ గుడ్డ, పేరు పలక, మంచినీళ్ల సీసా దింపి సరిగ్గా కెమెరాకీ జనానికీ మధ్య అమర్చాడు.

"సమ్మె ప్రారంభమైనట్లు సమాచారము అందినది. సామరస్య చర్చలు ఆరంభించబడుచున్నవి" అన్నాడు సదాశివమూర్తి. మాట్లాడేటప్పుడు కూడా ఆయన ఫైల్లో రాసినట్టే మాట్లాడేవాడు.

"సార్, ఇది సినిమా సార్!" అన్నాడు వినోద్.

"తెలుసునండీ. సినిమా కానిచో ఇంత పెందరాళే నేనేల వచ్చెదను?"

జనం వెనక నించున్న ఎర్నమ్మకి ఆ మాట అబద్ధం అనిపించలేదు. అసలు సమ్మెప్పుడు ఆ ఉద్యోగంలో ఉన్న పెద్దమనిషి నలభై ఆరో రోజున వచ్చి, కొబ్బరిబొండాం తాగి, ఎండ ఎక్కువగా ఉందని చెప్పి వెళ్లిపోయాడు.

యాజమాన్యాన్ని పిలవమన్నారు. మిల్లు యజమాని వేషానికి కలిశెట్టి భీమేశ్వరరావు అనే ఆయన్ని పెట్టారు. నాటకాల్లో రాక్షస వేషాలకి పేరున్నవాడే గానీ, మామూలుగా పోస్టాఫీసులో రిటైరైన మెతక మనిషి. సిల్కు జుబ్బా, చేతికి ఉంగరాలతో వచ్చి బల్ల ముందు చేతులు కట్టుకుని నించున్నాడు.

"కార్మికుల కోర్కెల పట్ల యాజమాన్యమునకు గల అభ్యంతరము?" అని అడిగాడు సదాశివమూర్తి.

"'నా శవం మీంచి నడిచివెళ్లి తెరుచుకోండ్రా గేటు' అని ఉందండి నా కాగితంలో."

"అది డైలాగు. అభ్యంతరము ఏమిటని అడుగుచున్నాను."

భీమేశ్వరరావు జనం వైపు చూశాడు. అందులో సగంమందికి ఒకప్పుడు ఉత్తరాలు ఇచ్చినవాడే ఆయన. "నాకేం అభ్యంతరమండీ? పాపం ముసిలాళ్లు ఎండలో అడుగుతున్నారు, ఇచ్చేద్దాం" అన్నాడు.

"యాజమాన్యము సానుకూలముగా స్పందించినది" అని చెబుతూ రాసుకున్నాడు సదాశివమూర్తి. ఒక్కో కోర్కె చదవడం, భీమేశ్వరరావు తల ఊపడం. వినోద్ నెత్తి పట్టుకుని, తన కథలో సమ్మె అరవై ఒక్క రోజులు జరగాలని మొరపెట్టుకున్నాడు. "ప్రభుత్వ లక్ష్యము ఒక్క దినము. మీ కథ లక్ష్యమునకు విరుద్ధముగా ఉన్నది" అని సదాశివమూర్తి విచారంగా చెప్పాడు. నలభై నిమిషాల్లో సమ్మె తేలిపోయింది. టిఫిన్లు ఇంకా రాలేదు.

ఆఖరి కోర్కె కూడా చదివాడాయన. సంచుల సెక్షన్లో ఇరవై రెండు సంవత్సరములుగా పనిచేయుచున్న మజ్జి ఎర్నమ్మ అను కార్మికురాలి పేరు హాజరుపట్టీలో చేర్చి, ఆమె సర్వీసును గుర్తించుట. మంజూరు.

"మజ్జి ఎర్నమ్మ ఎవరు? సంతకము చేయవలెను."

తన్మయి వ్యానులో మేకప్ వేయించుకుంటోంది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనకనించి ఎర్నమ్మ, "నానే బావూ" అంటూ ముందుకి వచ్చింది. ఆయన మొహం కూడా ఎత్తకుండా వేలితో చోటు చూపించాడు. ఆమె కూడబలుక్కుని తన పేరు తను రాసింది. అటెండరు దానిమీద గుండ్రటి ముద్ర గుద్దాడు. ఒక కాపీ ఆమె చేతికి వచ్చింది. సినిమా వాళ్లకి ఇలాంటివి మామూలే కాబోలు అనుకుని మడిచి బొడ్లో దోపుకుంది.

రెండోరోజు లాఠీచార్జి. అందుకోసం సినిమా పోలీసులు ఇరవైమంది వేషాలు వేసుకుని సిద్ధంగా ఉంటే, అసలు ఎస్సై ఒకాయన వచ్చి వాళ్లని పక్కకి నించోమన్నాడు. సమ్మె నిన్ననే పరిష్కారమైనట్టు రికార్డులో ఉంది, పరిష్కారమైన సమ్మె మీద లాఠీ ఎత్తితే తనకి మెమో వస్తుందన్నాడు. వినోద్ తెగించి ఒక ముసలాయన చేత రాయి విసిరించాడు. ఎస్సై ఆ రాయిని తెప్పించి, చేత్తో తూచి చూశాడు. థర్మాకోలుది.

"దీనికి లాఠీ కుదరదండి. మహా అయితే హెచ్చరిక. అదీ మైకులో, మర్యాదగా" అన్నాడు. మైకు తెప్పించి, "పెద్దలు, దయచేసి ఆవేశపడకండి" అని మూడుసార్లు ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. కెమెరా వెనక వినోద్ ఏడ్చినంత పని చేశాడు.

మూడోరోజు అప్పలస్వామి చనిపోవాలి.

దానికి గేటుకి ఎదురుగా ఒక గుడిసె వేశారు. చాపమీద నటుడు పడుకుని మూలుగుతున్నాడు. పక్కన తన్మయి తడిగుడ్డ పట్టుకుని వాకిలి వైపు చూడాలి. డాక్టరు రాడు. అలా చూస్తూ చూస్తూ ఉండగా చూపు ఆగిపోవాలి. షాట్ మొదలైన నాలుగు నిమిషాలకి అంబులెన్సు వచ్చింది. డాక్టరు, ఇద్దరు నర్సులు, ఆక్సిజన్ సిలిండరు. డాక్టరు చెప్పులు విడిచి గుడిసెలోకి వంగి వచ్చాడు. నటుడి నాడి చూశాడు, కళ్లు విప్పి చూశాడు, ఎంత వద్దన్నా వినకుండా సెలైను ఎక్కించాడు. "ఏం భయం లేదమ్మా. వేళకి కబురు చేశారు" అని తన్మయికి ధైర్యం చెప్పాడు. రోగి ప్రమాదం నుంచి బయటపడినట్టు కాగితం రాసి వినోద్ చేతికిచ్చాడు. ఇక ఆ సినిమాలో అప్పలస్వామి చనిపోవడం చట్టరీత్యా కుదరదు.

ఎర్నమ్మ గుడిసె వాకిట్లో నించుని ఇదంతా చూసింది. ఆ డాక్టరు మంచివాడు. చెయ్యి మెత్తగా పట్టుకున్నాడు, రోగిని అన్నా అని పిలిచాడు. ఆమెకి ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. అది కోపం వల్లో దుఃఖం వల్లో ఆమెకే తెలియలేదు. ఇరవై ఏళ్ల కిందట తన వాకిట్లోకి ఇలాగే ఎవరో ఒకరు వంగి వస్తే చాలని మూడు రోజులు దేవుళ్లందరికీ మొక్కింది.

"డాట్రు బావూ," అంది, ఆయన చెప్పులు వేసుకుంటుంటే, "మీరింత బేగి ఒస్తారని తెలిస్తే ఆయన్ని కూడా సినిమాలోనే జొరం తెచ్చుకోమందును గదా."

డాక్టరు వేసుకున్న చెప్పు మళ్లీ విడిచాడు. బీపీ చూడమంటారా అని అడిగాడు.

పై వారమంతా వినోద్ అసలు దృశ్యం కోసం తంటాలు పడ్డాడు. గేటు ముందు ఒంటరిగా ఒక ఆడమనిషి. మాటలు అక్కర్లేదు, సంగీతం అక్కర్లేదు. తన్మయి వెళ్లి గేటు ముందు కూర్చోవడం, కెమెరా మొదలవడం, జీపు రావడం. మొదటిసారి ఆమెకి ఎండ తగలకుండా షామియానా వేశారు. రెండోసారి పౌష్టికాహారం పాకెట్లు, గుడ్లు ఇచ్చారు. మూడోసారి మహిళా శిశు సంక్షేమ శాఖ నుంచి ఇద్దరు కౌన్సెలర్లు వచ్చి ఆమెకి అటొకరు ఇటొకరు కూర్చుని, ఒంటరితనం గురించి మనసు విప్పి మాట్లాడమన్నారు. నాలుగోసారికి వినోద్ కెమెరా మూసేసి, కొబ్బరిచెట్టు నీడన కూలబడి, తీసినదంతా చూసుకున్నాడు. తన సినిమాలో కార్మికులందరూ సంతోషంగా ఉన్నారు. యజమాని దేవుడు. పోలీసులు పెళ్లివారిలా ఉన్నారు. ఎవరూ చావలేదు. కథ పదకొండు నిమిషాలు వచ్చింది.

ఆ సాయంత్రమే ఎర్నమ్మ మొదటిరోజు బొడ్లో దోపుకున్న కాగితం తీసి, బళ్లో చదివే తన మనవరాలి చేత చదివించుకుంది. సినిమా కాగితం అనుకున్నది సినిమా కాగితంలా లేదు. పైన ప్రభుత్వ చిహ్నం, ఫైలు నంబరు, తేదీ, కింద ముద్ర, సంతకం. పంతొమ్మిదేళ్లుగా తనకి వచ్చిన జవాబుల మీద ఉన్నవీ అవే. కాకపోతే వాటిలో లేదని ఉండేది, ఇందులో ఉందని ఉంది.

మర్నాడు పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని జిల్లా కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లింది. గుమస్తా కాగితాన్ని వెలుగుకి పట్టి చూశాడు. ముద్ర అసలుది. సంతకం అసలుది. ఫైలు తీయించి చూస్తే నంబరు కూడా సరిపోయింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఎవరో ఆమెకి కుర్చీ జరిపారు. "మజ్జి ఎర్నమ్మగారూ, కూర్చోండి" అన్నాడు గుమస్తా. ఆ గారు విని ఆమె ఎవరినోనని వెనక్కి తిరిగి చూసింది. కుర్చీ అంచున కూర్చుంది.

ఇంతలో సదాశివమూర్తి వచ్చి కాగితం చూసి, ఆమెని చూసి, తలుపు వేశాడు. గోడకి కొత్త జ్ఞాపిక ఒకటి తగిలించి ఉంది. రాష్ట్రంలోకెల్లా అతి తక్కువ వ్యవధిలో సమ్మె పరిష్కరించినందుకు ఆయనకి దాన్ని ఇచ్చారు.

"ఈ కాయితం అబద్దమా బావూ?" అని అడిగింది ఎర్నమ్మ.

"ఎంతమాట! ఇది పూర్తిగా చెల్లుబాటగు ఒప్పందము."

"మరైతే నాను పనిసేసినట్టే గదా?"

సదాశివమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కాగితం అబద్ధమంటే జ్ఞాపిక పోతుంది. నిజమంటే పంతొమ్మిదేళ్ల జవాబులు పోతాయి. ఈ రెండూ పోకుండా పోయేది ఏదైనా ఉందా అని ఆలోచించాడు. ఎదురుగా ఎర్నమ్మ ఉంది.

"ఒప్పందము నిజము. సమ్మె నిజము. ఇందు మీరొక్కరే కల్పితము" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా ఇంకో ఫైలు తీసి చూపించాడు. షూటింగు అనుమతి కోసం దర్శకుడు ఇచ్చిన ప్రమాణపత్రం. అందులో పాత్రల జాబితా, ఒక్కో పేరుకి ఎదురుగా గడి. మజ్జి ఎర్నమ్మ పేరుకి ఎదురుగా 'కల్పితము' అని ఉన్నచోట టిక్కు, కింద కిల్లి వినోద్ సంతకం. టిక్కు పెట్టకపోతే అనుమతి రాదు.

"కావున, మిల్లు రికార్డుల ప్రకారము మజ్జి ఎర్నమ్మ అను వ్యక్తి అక్కడ పనిచేయలేదు. మా రికార్డుల ప్రకారము మజ్జి ఎర్నమ్మ అను వ్యక్తియే లేదు. రెండునూ ఎంత చక్కగా సరిపోయినవో చూడండి" అన్నాడు. చెబుతున్నంతసేపూ ఆయన మొహంలో, చిక్కుముడి విప్పుకున్నవాడి సంతోషం కనిపించింది.

"మరి ఇరవై రెండేళ్లూ సంచులెవులు కుట్టినారు?"

"శ్రీమతి లోపింటి సూరమ్మ గారు" అన్నాడాయన, రాసి ఉన్నది చదివినట్టు.

వినోద్ ఆ సంగతి విని తల ఎత్తలేకపోయాడు. "ఫారంలో ఉంటే పెట్టేశానత్తా, అందరూ పెడతారు" అన్నాడు. మేస్త్రీ టోకెను ఇచ్చినప్పుడు ఎర్నమ్మ కూడా అందరూ పుచ్చుకుంటారనే పుచ్చుకుంది.

"బావూ, రేపు మజ్జేనం గేటు కాడ కెమెరా ఎట్టు. తన్మయమ్మ ఒద్దు. నానే కూకుంటాను. కెమెరా ఉంటేనే గదా ఆలొస్తారు. రానీ, పదిమందిలో అడుగుతాను."

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఎర్నమ్మ గేటు ముందు కూర్చుంది. ఎక్కడో కాదు, ఆ పదిహేడు రోజులూ కూర్చున్నచోటే. కెమెరా తిరగడం మొదలైంది. పదకొండు నిమిషాలకి జీపు వచ్చింది, దాని వెనక ఇంకో రెండు బళ్లు. షామియానా గుంజలు దించారు. ఆకుపచ్చ గుడ్డ పరిచారు. పాత కార్మికులు నలుగురు చేరారు, సిమెంటు గోడౌను కూలీలు గేటు సందుల్లోంచి చూస్తున్నారు.

సదాశివమూర్తి ఆమెని చూసి కొంచెం తడబడ్డాడు. తరవాత ఫారం తీసి బల్లమీద పెట్టి, గొంతు తగ్గించి, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడాడు.

"చూడమ్మా, ఈ ఫారంలో మొట్టమొదటి గడి ఒక్కటే నాకు అడ్డం. పాత్రా, వ్యక్తా? పాత్ర అని చెప్పు. ఇక్కడే, ఇప్పుడే, ఇరవై రెండేళ్లు పనిచేసినట్టు ధ్రువపత్రం రాసి ముద్ర వేసి నీ చేతికిస్తాను. నీ పేరు మీదే. సినిమా నిమిత్తం అని అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. వ్యక్తి అన్నావనుకో, ఉత్తర్వు నీకు వర్తించదు. నేను బల్ల ఎత్తేసి పోవాలి. మళ్లీ అర్జీ పెట్టుకోవడమే."

ఎర్నమ్మ బల్లమీది కాగితం వంక చూసింది. ధ్రువపత్రం ముందే టైపు చేసి తెచ్చారు. పైన పెద్ద అక్షరాల్లో తన పేరు ఉంది. అంత పెద్ద అక్షరాల్లో తన పేరు ఆమె ఎప్పుడూ చూడలేదు. చెయ్యి చాపితే అందుతుంది. ఆమెకి అది కావాలి. కుడిచెయ్యి కొంగుకి తుడుచుకుంది. వెనక పాత కార్మికుల్లో ఎవరో, "అనీయే ఎర్నీ, ఏటైపోద్ది" అన్నారు. పద్దెనిమిదో రోజున కూడా ఎవరో సరిగ్గా ఆ మాటే అన్నారు. అప్పుడు లేచి, చచ్చిపోయిన మనిషి పేరు చెప్పుకుని ఈ గేటులోంచే లోపలికి నడిచింది. లోపల ఆ రోజు కుట్టిన సంచులన్నీ వంకరగా వచ్చాయి.

"మనిసిని బావూ" అంది. "రాసుకో. మనిసిని."

సదాశివమూర్తి ఒక్క క్షణం కలం పట్టుకుని ఆగాడు. తరవాత గడిలో టిక్కు పెట్టి, ధ్రువపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "అయితే మాకిచ్చట పనిలేదు" అన్నాడు, మళ్లీ ఫైలు భాషలోకి వెళ్లిపోయి. అటెండరు గుడ్డ దులిపి మడత పెట్టాడు. షామియానా గుంజలు మళ్లీ బండెక్కాయి. మంచినీళ్ల సీసా కూడా తీసుకుపోయారు. మూడు బళ్లూ దుమ్ము రేపుకుంటూ మలుపు తిరిగాయి. చూడ్డానికి ఇంకేమీ లేకపోవడంతో కూలీలు పనిలోకి వెళ్లారు, పాత కార్మికులు ఒక్కొక్కరే ఇళ్లకి పోయారు.

వినోద్ వచ్చి ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు. "ఇంటికి పోదాం రా అత్తా. నేను చేసిన పాపానికి నీకీ అవస్థ" అంటూ చెయ్యి పట్టుకోబోయాడు.

ఎర్నమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగు నెత్తిమీదకి లాక్కుని, గేటు వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది.

"ఎల్లి కెమెరా కాడ నించో బావూ. నీ సినిమా తీసుకో. ఇప్పుడింక ఎవులూ రారు."